కానుకల బుట్ట

దైవాశీర్వాదాన్ని ట్యాంకులోంచి బయటికి లాగిన మధ్యాహ్నం, కెన్నీ మొట్టమొదట చేసిన పని అతని నాడి చూడటం కాదు. వంగి, అతని మెడలో వేలాడుతున్న గేటు బ్యాడ్జి తీసి తన జేబులో వేసుకోవడం. జ్ఞానమ్మ అది కళ్ళారా చూసింది. మజ్జిగ క్యాను పట్టుకుని ఆమె అప్పుడే అక్కడికొచ్చింది.

టెక్సస్ సముద్రతీరంలో ముడిచమురు నిలవ చేసే ట్యాంకులు కడుతున్నారు. ఒక్కో ట్యాంకులో ఒక సినిమా హాలు పట్టేస్తుంది. భూమిలోంచి తోడిన చమురు వాటిలోకొచ్చి, అక్కణ్ణించి ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. జూలై ఎండకు కాలిన ఆ ఇనుప గోడల మధ్య నిలబడి వెల్డింగ్, పైపుల పని చేసేవాళ్ళు ముప్పై ఏడుగురు. అందరూ రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి చుట్టుపక్కల వాళ్ళే. వాళ్ళకు వండిపెట్టే మనిషి జ్ఞానమ్మ. కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటి పని చేసొచ్చింది. గల్ఫ్ చాలు బాబోయ్ అని దండం పెట్టి అమెరికా వస్తే, ఇక్కడి సముద్రాన్నీ గల్ఫే అంటారని వచ్చాక తెలిసింది.

"చొక్కా ఇప్పండ్రా! నీళ్ళు ఎయ్యండి!" జూడ్ అరుస్తున్నాడు. ముప్పై ఏళ్ళ వాడు, దైవాశీర్వాదం పక్కనే పనిచేసే వెల్డర్. "సార్, అంబులెన్సుకి కొట్టండి సార్. మడిసి పోయేలాగున్నాడు!"

"అంబులెన్స్ లేదు ఏం లేదు. ఎవ్వరూ ఫోన్ తియ్యద్దు," అన్నాడు కెన్నీ. అతను క్యాంపు సూపర్‌వైజరు, కాంట్రాక్టరు జగదీష్ గారికి మేనల్లుడు. "ఇన్సిడెంట్ రిపోర్ట్ అయితే సైట్ క్లోజ్ చేస్తరు. అంబులెన్సోడు ఫస్ట్ ఐడీ అడుగుతడు. మీ దగ్గర ఉందా పాస్‌పోర్ట్? ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఫోన్ పోతది. ఒక్కడి కోసం అందరూ పోతరా?"

దైవాశీర్వాదం ఒళ్ళు పొయ్యి మీది పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మనుషుల్ని ఆనవాలు పట్టడం లేదు. "గేదెని కట్టేశారా?" అంటున్నాడు. ఐసు ముక్కలు మీద పోసి, పికప్ ట్రక్కు వెనక పడుకోబెట్టి, ఆసుపత్రికి కాదు, క్యాంపుకి తోలించాడు కెన్నీ. తర్వాత చేతి గడియారం చూసుకుని, "ఎందుకు నిలబడ్డారు? లోపలికి పోండి," అన్నాడు.

అందరూ లోపలికి దిగారు. అది కూడా చెప్పాలి. కథ కోసం వాళ్ళని ఆ రోజే వీరుల్ని చేస్తే అబద్ధమవుతుంది. తోటివాణ్ణి ట్రక్కెక్కించి, అతను పడిపోయిన చోటే నిలబడి సాయంత్రం దాకా అతుకులు వేశారు ఆ ముప్పై ఆరుగురూ.

ఆ బ్యాడ్జి సంగతి ఇప్పుడే చెప్పుకోవాలి. అది మెళ్ళో లేనివాడు సైటు గేటు దాటలేడు. అది రావాలంటే పది రోజులు భద్రత క్లాసుల్లో కూర్చోవాలి, పరీక్ష రాయాలి, చమురు కంపెనీ వాళ్ళు వేలిముద్రలు తీసుకోవాలి. అందుకే కెన్నీ రోజుకోసారి అనేవాడు, "బ్యాడ్జే మీ ప్రాణం, ఆదివారమైనా తియ్యద్దు" అని. ప్రాణం తీసి జేబులో వేసుకోవడం అంత తేలికని ఆ రోజు తెలిసింది.

ఆ సాయంత్రం ఎవరో సంచి పట్టుకుని వచ్చి, దైవాశీర్వాదానికి సెలైను ఎక్కించి, ఏ కాగితం మీదా ఏమీ రాయకుండా వెళ్ళిపోయాడు. మర్నాటికి మాట తెలిసింది. కానీ కాళ్ళు నిలబడలేదు, పాదాలు పొంగాయి. మూత్రం టీ డికాషన్ రంగులో చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఆ రంగు జ్ఞానమ్మ ఎరుగును. కువైట్‌లో ఆమె పనిచేసిన ఇంట్లో తోటమాలికి ఇలాగే వచ్చింది. ఎండదెబ్బే, ఏం కాదన్నాడు యజమాని. అయిదో రోజున తోటమాలిని పెట్టెలో పెట్టి పంపారు.

శుక్రవారం పొద్దున్నే జగదీష్ గారికి ఫోన్ చేసింది. కాంట్రాక్టరైన ఆయనే వాళ్ళు వెళ్ళే చర్చిలో పెద్ద, ఎల్డరు.

"వందనాలండీ ఎల్డర్ గారూ. దైవాశీర్వాదానికి అస్సలు బాగోలేదండీ. మూత్రం నల్లగా వత్తంది. కాళ్ళు పొంగిపోనాయి. ఆసుపత్రికి తీసుకెల్లమని కెన్నీ బాబుకి ఒక్క మాట సెప్పండి."

"నేనూ అతని కోసం మోకాళ్ళ మీదే ఉన్నాను చెల్లెమ్మా. ఆదివారం మీ అందరితో పాటు ఆరాధనకి తీసుకొస్తారు. సంఘమంతా చేతులుంచి ప్రార్థన చేస్తుంది. ఆ సాయంత్రమే ఫ్లైట్ బుక్ చేశాను. ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకుంటాడు."

"ఇరవై గంటల పైన కూకోవాలండి ఇమానంలో! మడిసి కూకోలేడండీ!"

"విశ్వాసం ఉండాలి చెల్లెమ్మా. ఇక్కడి హాస్పిటల్స్ నీకు తెలీదు. పేపర్స్ అడుగుతారు, క్వశ్చన్స్ అడుగుతారు. నా బిడ్డల్ని ఆ రొంపిలోకి దించమంటావా?"

ఫోను పెట్టేశాక కూడా ఆ గొంతులోని తీపి చాలాసేపు చెవిలో ఉండిపోయింది. కువైట్ యజమాని తిట్టేవాడు, చెయ్యెత్తేవాడు. అతను శత్రువని తెలియడానికి ఒక్క రోజు పట్టింది. జగదీష్ గారు శత్రువని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, ఎందుకంటే ఆయన చెల్లెమ్మా అంటాడు. జ్ఞానమ్మకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ఏప్రిల్‌కి వెళ్ళాలి.

ఏప్రిల్ మొదటి ఆదివారం. విమానం దిగి నాలుగు రోజులే అయింది. డాలస్ పక్కన కాపెల్ అనే ఊళ్ళో, ఆఫీసుల వరసలో ఒక హాలు అద్దెకు తీసుకుని తెలుగు సంఘం ఆరాధన జరుపుకుంటుంది. విమానాశ్రయం పక్కనే. పాట మధ్యలో పైనుంచి విమానం పోతే ఆమెన్ కూడా వినపడదు. ఆ సంఘంలో పెద్ద జగదీష్ గారు. ఆ రోజు ప్రసంగం చేసే పుల్పిట్ పక్కన నిలబడి ఆయన చెప్పాడు: "మీ వీసాల కోసం ఈ సంఘం నలభై దినాలు ఉపవాసం ఉంది. ఆ పాస్‌పోర్టులు దేవుని సన్నిధిలో పెట్టండి. ప్రార్థన చేసి, భద్రంగా నా దగ్గర ఉంచుతాను." అల్లిన వెదురు బుట్ట ఒకటి ముందు పెట్టారు. కానుకలు పట్టే బుట్ట.

మగవాళ్ళు జంకారు. సగం మంది గల్ఫ్ చూసొచ్చిన వాళ్ళే. పాస్‌పోర్టు చెయ్యి దాటితే ఏమవుతుందో తెలుసు. అందరూ ఒక్కసారి జ్ఞానమ్మ వైపు చూశారు. వయసులో పెద్దది, లోకం చూసింది, ఏ పనికి ముందైనా ప్రార్థన పెట్టే మనిషి. వాళ్ళ ఊళ్ళల్లో ఏది కొత్తగా వచ్చినా ముందు చర్చిలో బల్ల దగ్గర పెడతారు. పిల్లల హాల్‌టికెట్లు పెడతారు, కొత్త కుట్టుమిషను పెడతారు, పాస్‌పోర్టూ పెడతారు. పాస్టరు అయ్యగారు చెయ్యి వేసి ప్రార్థించి, ఆమెన్ అనగానే ఎవరిది వాళ్ళకిచ్చేస్తారు. కువైట్ వెళ్ళేముందు ఆమె అలాగే పెట్టి తెచ్చుకుంది. ఇక్కడా అంతేననుకుంది. లేచి వెళ్ళి బుట్టలో మొదటి పాస్‌పోర్టు ఆమే వేసింది. ఆమె వెనక ముప్పై ఏడు.

ఆమెన్ అన్నారు. బుట్ట మాత్రం వెనక తలుపులోంచి జగదీష్ గారి కారు డిక్కీలోకి వెళ్ళిపోయింది.

మేనెలలో ఒకరు అడిగితే "ఆఫీసులో ఉంది" అన్నారు. జూన్‌లో ఇద్దరు గట్టిగా అడిగితే, వాళ్ళ గదిలో ఏసీ పది రోజులు బాగుపడలేదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అలా నలుగురికీ దారి చూపిస్తున్నాననుకుని నలుగుర్నీ గోతిలో దించింది జ్ఞానమ్మ.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. పని నుంచి వచ్చాక, పొద్దు వాలకముందే, అందరూ భోజనాల షెడ్డులో కూడతారు. క్యాంపులో కెన్నీ తొంగిచూడని కూడిక అదొక్కటే. ప్రార్థన అంటే అతనికి నిద్రొస్తుంది. ఆ శుక్రవారం జ్ఞానమ్మ పాట ఎత్తలేదు. నేరుగా మాట ఎత్తింది.

"ఆదోరం ఆణ్ణి ఇమానం ఎక్కించేత్తారంట. ఎక్కితే దిగడు. కువైట్‌లో సూశాను నేను. ఏం సేద్దాం?"

"పారిపోదాం," అన్నాడొకడు.

"ఎక్కడికి? చుట్టూ బీడు. మెళ్ళో బ్యాడ్జి తప్ప చేతిలో కాయితం ముక్క నేదు," అన్నాడు పక్కవాడు.

"నేనే అంబులెన్సుకి కొడతాను. రానీ ఇమ్మిగ్రేషనోళ్ళని!" జూడ్ లేచాడు.

"కూకో!" అన్నాడు లక్ష్మీకాంతం. యాభై ఆరేళ్ళ పైపుల మేస్త్రీ, అందరికీ బాబాయి. ఆయన మాటంటే షెడ్డంతా ఆగుతుంది. "నువ్వు కొడతావు, ఆళ్ళొత్తారు, ముప్పై ఏడిళ్ళ కూడు పోద్ది. ఎల్డర్ గారు సంఘంలో మడిసి. సంఘంలో గొడవ సంఘంలోనే తేల్చుకోవాల. సహోదరుడి మీద బయటోళ్ళ కాడికి ఎల్లకూడదు. మన పెద్దలు నేర్పింది అదే."

"సహోదరుడా? దైవాశీర్వాదం ఎవడు మరి? పక్కింటోడా?"

"నోరు జారకు జూడ్!"

"నోరు మూసుకునే కదా బాబాయ్ ఇక్కడిదాకా వచ్చాం! నిన్న ఆణ్ణి లాగి పడేసి మళ్ళీ అందులోకే దిగాం. నువ్వు దిగావు, నేను దిగాను. సిగ్గుండాల మనకి!"

కేకలు లేచాయి. ఒకడు జూడ్ చొక్కా పట్టుకున్నాడు. జ్ఞానమ్మ చేతిలోని గరిటెతో గిన్నె మీద గట్టిగా కొట్టింది.

"ఆగండి. ఒక మాట సెప్పాలి నేను. ఆ రోజు బుట్టలో ముందు ఏసింది నేను. కువైట్‌లో మా యజమాని బాబా నా పాసుపోర్టు లాక్కుంటే మూడ్రోజులు ఏడిశాను. ఇక్కడ ఎవడూ లాక్కోలేదు. నా సేత్తో నేనే ఇచ్చాను. నన్ను సూసి మీరిచ్చారు."

"నువ్వెయ్యకపోయినా ఏద్దుమే అక్కా," అన్నాడు ఒకడు, జాలిగా.

"ఎయ్యరు. నా మొకం సూశారు. నాకు తెల్సు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "నాదీ తప్పు. ఆ తప్పు నేనే దిద్దుకోవాలి. ఒక్కదాన్నీ దిద్దలేను."

షెడ్డు చల్లబడింది. జూడ్ నెమ్మదిగా అన్నాడు: "బాబాయ్ సెప్పింది రైటే. సంఘంలోది సంఘంలోనే తేలుద్దాం."

లక్ష్మీకాంతం అనుమానంగా చూశాడు.

"ఆదోరం సాక్ష్యాల టైము ఉంటది కదా. ఎవడైనా లేచి, దేవుడు తనకి ఏం సేశాడో సెప్పుకోవచ్చు. ఆపే హక్కు అయ్యగారిక్కూడా నేదు. లేద్దాం. జరిగింది జరిగినట్టు సెబ్దాం."

"ఒక్కడు లేస్తే ఆడికీ టికెట్టు కోత్తారు," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

"అందుకే ఒక్కడు లేవకూడదు," అంది జ్ఞానమ్మ. "ముందు నేను లేత్తాను. నేను కూకోకముందే ఇంకొకళ్ళు. ఆళ్ళు కూకోకముందే ఇంకొకళ్ళు. ముప్పై ఏడు టికెట్లు కొనమను సూద్దాం."

చేతులెత్తమంది. ఒక్కొక్కటే లేచాయి. లక్ష్మీకాంతం చెయ్యి లేవలేదు. "నేను అడ్డం రాను. లేవను," అన్నాడు.

ఈ కథ చదివేవాళ్ళలో కాలేజీ పిల్లలుంటే ఒక మాట. సంఘటన, అంటే నలుగురూ ఒక్కటి కావడం, పుస్తకంలో చదివినప్పుడు ఉన్నంత నున్నగా ఉండదు. అందులో భయపడేవాడుంటాడు, చొక్కా పట్టుకునేవాడుంటాడు, చెయ్యెత్తని బాబాయి ఉంటాడు. అయినా అది సంఘటనే.

ఆదివారం చీకటితోనే బయల్దేరిన బస్సు కాపెల్ చేరేసరికి ఎండ ఎక్కింది. హాలు నిండిపోయింది. ఇస్త్రీ చొక్కాలు, పట్టుచీరలు, ఆఫీసు ఉద్యోగాల వాళ్ళు. వాళ్ళవీ వీసాల బతుకులే. కంపెనీ వద్దంటే రెండు నెలల్లో సామాను సర్దుకోవాల్సినవాళ్ళు, పదేళ్ళుగా గ్రీన్ కార్డు కోసం వరసలో నిలబడ్డవాళ్ళు. కాకపోతే వాళ్ళ ట్యాంకుకి ఏసీ ఉంది. వెనక వరసల్లో క్యాంపువాళ్ళు. ముందు, పక్కగా, కుర్చీలో దైవాశీర్వాదం. ఎవరిదో కోటు తొడిగారు. పొంగిన పాదాలకు చెప్పులు పట్టక సాక్సులతోనే ఉన్నాడు. అతని సూట్‌కేసు కెన్నీ కారులో ఉంది.

సాక్ష్యాల వేళ వచ్చింది. జగదీష్ గారే మైకు తీసుకున్నాడు.

"మన సహోదరుడు దైవాశీర్వాదం కొంత బలహీనతలో ఉన్నాడు. ప్రభువు అతన్ని తన కుటుంబం దగ్గరికి నడిపిస్తున్నాడు. ఈ సాయంత్రమే ప్రయాణం. లేచి నిలబడి ప్రార్థన చేద్దాం."

అందరూ లేచారు. జ్ఞానమ్మ లేవడంతో ఆగలేదు, నడిచింది. నడవ మధ్యలోంచి మైకు దాకా నడిచి, చెయ్యి చాపింది. ఆడమనిషి సాక్ష్యం చెబుతానని వస్తే మైకు ఇవ్వకుండా ఉండటం ఆ సంఘంలో లేదు. ఆయన ఇచ్చాడు, నవ్వుతూనే.

"సంఘానికి వందనాలు. నా పేరు జ్ఞానమ్మ. క్యాంపులో వంట సేత్తాను. నా సాక్ష్యం ఏంటంటే, దైవాశీర్వాదం బలహీనతలో లేడండీ. గురువారం ట్యాంకులో ఎండకి పడిపోనాడు. ఆసుపత్రికి తీసుకెల్లలేదు. ముందు ఆడి బ్యాడ్జి తీసుకున్నారు. ఇప్పుడు ఆడి ప్రాణం ఇమానం ఎక్కిత్తన్నారు. మూడ్రోజులై ఆడు సరిగ్గా మూత్రం పోయలేదండీ."

చీరల వరసలో ఒకావిడ చెవులు మూసుకుంది, మూత్రం అనే మాట వినలేక.

"చెల్లెమ్మా, ఇది సమయం కాదు..."

"మా అందరి పాసుపోర్టులూ ఎల్డర్ గారి కాడ ఉన్నాయి. నాలుగు నెలలైంది. అడిగితే ఇవ్వట్లేదు."

ఆమె ముగించకముందే జూడ్ గొంతెత్తాడు. "నా సాక్ష్యం. నా పేరు జూడ్. ఆ ట్యాంకులో ఆడి పక్కన నేనున్నాను. లోపల గాలి లేదు, నీళ్ళు లేవు. అంబులెన్స్ అడిగితే వద్దన్నారు." అతను ముగించకముందే ఇంకొకడు. "నా పేరు ఇశ్రాయేలు. ఏసీ అడిగినందుకు కాదు, పాసుపోర్టు అడిగినందుకు మా గదిలో ఏసీ పది రోజులు ఆపేశారు." ఇంకొకడు. ఇంకొకడు. పెద్ద మాటలేమీ లేవు. పేరు, చూసింది, అంతే.

"ఇది చర్చి అండీ, యూనియన్ ఆఫీస్ కాదు!" అన్నాడు ముందు వరసలో ఒకాయన. అయ్యగారు చెమట తుడుచుకుంటూ కీబోర్డు వైపు చెయ్యి ఊపాడు. "పాట... పాట పాడుదాం."

కీబోర్డు ముందు కూర్చున్న అమ్మాయి జెమీమా. ఇక్కడే పుట్టి పెరిగింది, ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సు. ఆమె రెండు మెట్లు నొక్కింది. తర్వాత చేతులు తీసేసింది. లేచి వచ్చి, దైవాశీర్వాదం ముందు నేల మీద కూర్చుని, సాక్సు తీసి పాదం మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"అంకుల్, బాత్రూం ఎప్పుడు పోయావు నువ్వు? లాస్ట్ టైం?"

"మొన్న... కాసింత," అన్నాడు దైవాశీర్వాదం.

"ఏ కలర్?"

"డికాషన్," అని జ్ఞానమ్మ చెప్పింది.

జెమీమా ఫోను తీసింది. "ఫ్లైట్ కాదు, హీ నీడ్స్ డయాలసిస్. నేను అంబులెన్స్‌కి నైన్ వన్ వన్ చేస్తున్నా." జగదీష్ గారు ఏదో అనబోయాడు. "అంకుల్, ప్లీజ్ మాట్లాడకండి," అంది. ఆ హాల్లో ఆయనతో ఆ మాట ఎవరూ ఎన్నడూ అనలేదు.

కెన్నీ గబగబా వచ్చి దైవాశీర్వాదం చంకల కింద చెయ్యి వేసి పక్క తలుపు వైపు లాగాడు. జూడ్ తలుపుకి అడ్డం నిలబడ్డాడు. తోపులాటలో కెన్నీ కుర్చీల మీద పడ్డాడు. అరుపులు, పిల్లల ఏడుపులు. పోలీసులకి ఎవరు ఫోన్ చేశారో గానీ అంబులెన్సు వెనకే పోలీసు కారూ వచ్చింది.

స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే దైవాశీర్వాదం జ్ఞానమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఇమానం ఎక్కను కదా?"

"ఎక్కవు. నేనున్నాగా." ఆ చెయ్యి ఐసులా ఉంది. వదలాలంటే ఆమెకు ఏడుపొచ్చింది.

బయట పార్కింగులో కెన్నీ పోలీసుకి జూడ్‌ని చూపించాడు. నెట్టాడన్నాడు, కొట్టాడన్నాడు. పోలీసు జూడ్ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు. జ్ఞానమ్మ కువైట్ ఇంగ్లీషు తీసింది. "సర్, పాస్‌పోర్ట్ హిమ్. ఆల్ పీపుల్ పాస్‌పోర్ట్, హిమ్!" అని జగదీష్ గారి వైపు వేలు చూపించింది.

ఆయన నింపాదిగా, చక్కని ఇంగ్లీషులో జవాబిచ్చాడు. వాళ్ళే తెచ్చి ఇచ్చారు, భద్రం కోసం. నేను అడగలేదు, లాక్కోలేదు. సంఘమంతా చూసింది. మొదట ఇచ్చింది ఈవిడే. పోలీసు రాసుకుని, ఫిర్యాదు ఉంటే కాగితం మీద పెట్టుకోమన్నాడు. జెమీమా ఆ మాటలు తెలుగులో చెప్పింది. అందులో అబద్ధం ఎక్కడుందో జ్ఞానమ్మ వేలు పెట్టి చూపించలేకపోయింది. మొదట ఇచ్చింది ఆవిడే.

బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. తలుపు తెరిచి, కెన్నీ మెట్టు మీద నిలబడ్డాడు. లోపల్నుంచి చల్లగాలి వస్తోంది.

"ఎక్కినోళ్ళకి రేపు పనుంటది. ఎక్కనోళ్ళ సంగతి నాకు తెల్వదు. ఫైవ్ మినిట్స్."

ముప్పై అయిదుగురు మగవాళ్ళు, జ్ఞానమ్మ. అమెరికా లెక్కలో నూట ఐదు, మన లెక్కలో నలభై డిగ్రీలు దాటిన ఎండ. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఎవరూ కదల్లేదు, కానీ కొందరి కళ్ళు ఆ తలుపు మీదే ఉన్నాయి. అయిదు నిమిషాలు పెద్ద సమయం కాదు. ఒక్కడు కదిలితే మిగతావాళ్ళు కదులుతారు. జ్ఞానమ్మకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

కదిలాడు. లక్ష్మీకాంతం.

గుంపులోంచి విడివడి, తల వంచుకుని, నెమ్మదిగా బస్సు వైపు నడిచాడు. "బాబాయ్," అన్నారెవరో. ఆయన ఆగలేదు. కెన్నీ పక్కకి జరిగి దారిచ్చాడు. లక్ష్మీకాంతం బస్సెక్కాడు. అయిపోయింది, అనుకుంది జ్ఞానమ్మ.

లోపల తన సీటు దగ్గర వంగి, నీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె ఉన్న గుడ్డసంచి తీసుకుని, ఆయన మళ్ళీ మెట్లు దిగాడు. తిన్నగా హాల్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో వెదురు బుట్ట ఉంది. దాన్ని జ్ఞానమ్మ ముందు తారు మీద పెట్టి, మెళ్ళోని బ్యాడ్జి తీసి అందులో వేశాడు.

"సంఘంలోనే తేల్చుకుందావన్నాను. తేల్లేదు," అన్నాడు. "ఈసారి ముందు నేనేత్తన్నాను తల్లీ. నీ ఒక్కదాని మీద పెట్టుకోకు."

షెడ్డులో చేతులెత్తినంత నెమ్మదిగా కాదు. టపటపా పడ్డాయి బ్యాడ్జీలు. తాళ్ళు చిక్కుపడ్డాయి. పోలీసు కారు దగ్గర నిలబెట్టిన జూడ్, "అక్కా, నాది మెళ్ళో ఉంది. తీసుకో!" అని అరిచాడు. జ్ఞానమ్మ వెళ్ళి అతని మెడలోంచి తీసింది. పోలీసు అడ్డుకోలేదు. అన్నీ పడ్డాక, ఆఖర్న, తనది వేసింది.

ఆ బుట్ట ఎత్తుకెళ్ళి కెన్నీ కాళ్ళ దగ్గర మెట్టు మీద పెట్టింది.

"ఇవి ఎల్డర్ గారికి ఇయ్యి. మా పాసుపోర్టులు ఈ బుట్టలోనే తెమ్మను. అందాకా ఆ ట్యాంకులోకి మాలో ఎవడూ దిగడు. కొత్తోళ్ళని తెచ్చుకుంటాడేమో, పది రోజులు పడద్ది. ఓడలు ఆగుతాయేమో అడుగు." కెన్నీ జేబు వైపు వేలు చూపించింది. "నీ జేబులో దైవాశీర్వాదం బ్యాడ్జి ఉంది. అదీ ఇందులో ఎయ్యి."

కెన్నీ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. పార్కింగు అవతల కారు పక్కన నిలబడ్డ జగదీష్ గారు మొదటిసారి గొంతు పెంచాడు. "కెన్నీ! బస్ తియ్యమను!" తలుపు మూసుకుంది. ముప్పై ఎనిమిది సీట్ల చల్లగాలితో, ఒక బుట్టతో, బస్సు వెళ్ళిపోయింది.

పోలీసు కారు జూడ్‌ని ఎక్కించుకుని ఇంకో వైపు తిరిగింది.

"ఇప్పుడెక్కడికక్కా?" అడిగాడు ఇశ్రాయేలు.

"ఆసుపత్రికి."

"జూడో?"

లక్ష్మీకాంతం సంచి భుజానికి తగిలించుకున్నాడు. "స్టేషనుకి నేనెల్తాను. పదిహేను మంది రండి నాతో."

జెమీమా ఆసుపత్రికి దారి చెప్పింది. నాలుగు మైళ్ళు. కార్లో కొందరిని తీసుకెళ్తానంది. "కొందరిని వద్దమ్మా, అందరం నడుత్తాం," అంది జ్ఞానమ్మ. జెమీమా కారు తాళాలు బ్యాగులో వేసుకుని ఆమె పక్కన నడిచింది. హాలు గుమ్మంలో నిలబడ్డ ఇస్త్రీ చొక్కాల్లోంచి ఇద్దరు దిగారు, తర్వాత ఇంకొకరు. మిగతావాళ్ళు గుమ్మంలోనే ఉండిపోయారు.

కాపెల్ రోడ్ల మీద మనుషులు నడవరు. కార్లు వేగం తగ్గించి అద్దాలు దించి చూశాయి. రెండు గుంపులు రెండు వైపులకు నడుస్తున్నాయి. జేబులో కాగితం ముక్క లేదు, మెడలో తాడు లేదు. ఎవరైనా ఆపి మీరెవరని అడిగితే చెప్పుకోవడానికి ఎవరి పేరు వాళ్ళకుంది.